కనపడని కుట్టు

హాస్టలు,
జనవరి 8

అక్కా,

ముందు మిషను మీద నుంచి కాలు తీసేయ్. ఈ ఉత్తరం చదువుతూ సూది వేల్లో గుచ్చుకున్నావంటే ఆ పాపం నాకొద్దు.

నన్ను కొండెక్కమంటున్నారు.

వేళాకోళం కాదు. ఆటల టీచరు పురిటికి సెలవు పెట్టింది. ఈ ఏడు పెద్ద తరగతి ఆడపిల్లలకి ఊరవతల రాతిగుట్ట మీద తాళ్ళతో ఎక్కడం, దిగడం నేర్పిస్తామని స్కూలు వాళ్ళు తల్లిదండ్రులకి ముందే మాటిచ్చేశారు. పిల్లలతో ఒక ఆడ టీచరు ఉండి తీరాలి, ఆ టీచరుకి ఎక్కడం వచ్చి తీరాలి అని నిన్న ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూములో అన్నారు. అందరూ ఒక్కసారే కిటికీలోంచి బయటికి చూశారు. నేను పిచ్చిమొహంలా ఆవిడ వైపు చూశాను. "వార్డెన్ ఎలాగూ పిల్లలతోనే ఉంటుందిగా" అన్నారు. అయిపోయింది.

నలభై మూడేళ్ళు నాకు. ఫ్యాను తుడవాలంటే స్టూలెక్కలేక ఆయాని పిలుస్తాను. నన్నా?

నేర్పించేది ఒకాయన. అందరూ కొండ మాస్టారు అంటారు. స్కూల్లో ఉద్యోగి కాదు, సీజనుకి పిలిపిస్తారు. ఎండు కట్టెలా ఉంటాడు, మాట తక్కువ. నిన్న వరండాలో నా చెప్పుల వైపు చూసి "ఇవి కాదండీ" అన్నాడు. తర్వాత గోడకి చెబుతున్నట్టు ఒక్కొక్కటే చెప్పాడు. బూట్లు కొన్న రోజే గుట్టకి వేసుకురాకూడదట, ముందు ఇంట్లో తొడుక్కుని తిరిగి కాలికి అలవాటు చేసుకోవాలట. ఉంగరాలు, గొలుసులు తీసెయ్యాలి. గోళ్ళు కత్తిరించాలి. జుట్టు వేలాడకూడదు. దాహం వెయ్యకముందే నీళ్ళు తాగాలి. ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పటికి వస్తామో మనతో రాని మనిషికి ఒకరికి చెప్పి వెళ్ళాలి. రాయి తడిసిందంటే ఇక మాట లేదు, వెనక్కే.

"అంత భయమైతే ఎందుకండీ ఈ పని?" అన్నాను.

"పైకి తీసుకెళ్ళినందుకు కాదండీ నాకు కూలి. అందర్నీ కిందికి తెచ్చినందుకు" అన్నాడు.

ఇప్పుడు నీతో పని. రెండు పైజమాలు కావాలి. మోకాలు పూర్తిగా వంగాలి. జేబుకి గుండీ పెట్టు. కూర్చునే చోట రెండు మడతలు వెయ్యి, నేను ఎక్కేదానికన్నా జారేదే ఎక్కువ.

ఫోను మాత్రం చెయ్యకు. హాస్టలు ఫోను ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉంటుంది. ఆవిడ ఎదురుగా నాకు ఏడవడం రాదు.

బావని నవ్వొద్దని చెప్పు.

నీ పిట్ట


ఇల్లు,
జనవరి 14

పిట్టా,

కాలు తియ్యమని నువ్వు మొదటి ముక్కలోనే రాశావు. నేను తియ్యలేదు. పోలీసాయన కోటు చెయ్యిని తీసుకెళ్ళి కాలరుకి కలిపి కుట్టేశాను. విప్పి మళ్ళీ కుట్టేసరికి పొద్దు వాలింది.

మతి పోయింది నీకా, మీ ప్రిన్సిపాలుకా? చిన్నప్పుడు పెరటి గోడ ఎక్కి, దిగడం రాక, నాన్న పని నుంచి వచ్చేదాకా గోడ మీదే కూర్చుని శోకాలు పెట్టిన దానివి. నిన్ను నమ్మి అంతమంది ఆడపిల్లల్ని గుట్ట మీదికి పంపుతారా? కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. వెళ్ళనని చెప్పెయ్. తలనొప్పో కాలునొప్పో ఏదో ఒకటి తెచ్చిపెట్టుకో.

మీ బావకి చెబితే తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. "పిట్టేగా, ఎగిరొస్తుందిలే" అంటాడు. పరంజాల మీద నిలబడి గోడలు లేపే మేస్త్రికి ఎత్తంటే ఏం లెక్క? కానీ భోజనం దగ్గర ఉన్నట్టుండి, "ఆ కింద తాడు పట్టుకునేవాడు ఎలాంటివాడో కనుక్కోమను" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

పైజమాలు పంపుతున్నాను. కూర్చునే చోట మూడు మడతలు వేశాను. గుట్ట అరగాలిగానీ అవి చిరగవు.

కోటు సంగతి చెప్పలేదు కదూ. పోలీసాయన కోటుకి మోచేతి దగ్గర సిగరెట్టు కాలి బొక్క పడింది. అదే గుడ్డలోంచి పోగులు తీసి అల్లి కుట్టాను. ఆయన ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పి, "బొక్క ఏదమ్మా?" అని నన్నే అడిగాడు. ఈ వీధిలో నలుగురు టైలర్లున్నారు, ఆ మాట మాత్రం నా ఒక్కదానికే దక్కింది. నువ్వు కొండెక్కినట్టు మీ స్టాఫ్ రూములో చెప్పుకుంటే, ఈ ముక్క కూడా చెప్పు.

వెళ్ళకు.

అక్క


హాస్టలు,
జనవరి 27

అక్కా,

బతికే ఉన్నాను. పైజమా కూడా.

రెండు ఆదివారాలు అయ్యాయి. ఎక్కడమంటే తాడు పట్టుకుని ఎగబాకడం అనుకున్నాను. కాదట. ఎక్కేది మన కాళ్ళతోనే. తాడు మనం పడితే ఆపడానికి. నడుముకి వెడల్పాటి పట్టీ ఒకటి, తొడలకి రెండు, ముందు పొట్ట దగ్గర అరచెయ్యంత చుట్టు ఒకటి. ఆ చుట్టుకే తాడు ముడి వేస్తారు. తాడు గుట్ట పైన గొలుసులోంచి తిరిగి కింద మాస్టారి చేతిలోకి వస్తుంది. కాబట్టి బావకి చెప్పు, కింద తాడు పట్టుకునేవాడు కన్ను కూడా ఆర్పడు. తుమ్ము వస్తే తుమ్మడు.

ఎవరి కట్టు వాళ్ళు చూసుకుంటే చాలదట. ఒకరిది ఇంకొకరు చూడాలి. చేత్తో లాగి, "చూశాను" అని పైకి అనాలి. అనకపోతే ఆయన తాడు ముట్టుకోడు. అప్పటికీ ఎక్కనివ్వడు. గుట్ట మొదట్లో మనిషెత్తు గట్టు ఒకటి ఉంది. దాని అంచున నిలబడి కాళ్ళు వదిలేసి మొత్తం బరువు పట్టీ మీద వేసి వేలాడాలి. అది అయితేనే పైకి. నేను, అటెండరు, ఇద్దరు పెద్ద పిల్లలు అందరం వేలాడాం. ఒక పిల్ల, "మాస్టారూ, మమ్మల్ని తూకం వేస్తున్నారా?" అంది. "అవునమ్మా, నాకు కిలోల లెక్కన ఇస్తారు" అన్నాడు మొహం కదపకుండా.

పోయిన ఆదివారం సగం ఎత్తులో కాలు జారింది. కింద భూమి లేదు. ఒక్క క్షణం, అంతే. నడుము దగ్గర ఎవరో చటుక్కున పట్టుకున్నట్టు ఆగిపోయాను. గాలిలో వేలాడుతూ నీ మొహం చూశాను, తిడుతూ కనిపించావు. తర్వాత ఏమైందో తెలుసా? నవ్వొచ్చింది. కింద పిల్లలు చప్పట్లు కొట్టారు. మిగతా సగం కూడా ఎక్కాను. పైన గాలి ఎలా ఉందో నీకు రాయడం రాదు నాకు.

పొట్ట మీద మాత్రం ఎర్రగా గీతలు పడ్డాయి. ఆ ముందు చుట్టుకి అడ్డదిడ్డంగా, చీమలు గుంపు కట్టినట్టు మోటు కుట్టు ఒకటి వేసి ఉంటుంది. గరుకుగా గీరుకుంటుంది. చిన్న సైజు వేసుకునే వాళ్ళందరికీ ఇదే బాధ. నేనూ చిన్న సైజే, పిట్టనేగా.

సామాను పెట్టే కాన్వాసు సంచికి అడుగు పిగిలింది. ఇక్కడ ఎవరూ కుట్టనంటున్నారు, సూది విరుగుతుందట. నీ మిషను ఒక్కటే దాన్ని ఓర్చుకుంటుంది. బస్సు కండక్టరుతో పంపుతున్నాను. లోపల చిన్న సైజు పట్టీలు మూడు అలాగే ఉన్నాయి. ఆ బరువుతో ఎత్తి చూస్తే అడుగు ఆగుతుందో లేదో నీకు తెలుస్తుంది. శనివారానికల్లా వెనక్కి రావాలి. ఆదివారం పిల్లలందరూ మొదటిసారి ఎక్కుతారు. సంచే కదా అని మాస్టారికి చెప్పలేదు. స్టోరు తాళం ఒకటి నా దగ్గర కూడా ఉంటుంది.

పిట్ట


ఇల్లు,
ఫిబ్రవరి 2

పిట్టా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గాలిలో వేలాడుతూ నవ్వావా? ఇంట్లో బొద్దింక కనిపిస్తే మంచమెక్కే మనిషివి నువ్వేనా?

సంచి ఇప్పుడే కండక్టరు పట్టుకుపోయాడు. ఈ ఉత్తరం అందులోనే పెడదామనుకున్నాను, రాయడం మొదలెట్టకముందే హారన్ కొట్టి వీధంతా లేపాడు. అందుకని పోస్టులో వేస్తున్నాను. అడుగుకి రెండు వరసలు వేశాను, ఇక ఏనుగుని పెట్టుకో.

ఇంకొకటి చేశాను. నువ్వే చూసి కనుక్కుంటావని చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ నా పొట్టలో మాట ఆగితేగా. ఆ పట్టీలు బయటికి తీసి చూశాను. ఛీ, అదేం కుట్టే? ఎవడో మూర్ఖుడు మందపు దారంతో ఒకే చోట ముందుకీ వెనక్కీ గీకిపెట్టాడు. నా దగ్గర నేర్చుకునే పిల్ల అలా కుడితే చేతి మీద ఒకటి వేసేదాన్ని. మూడు పట్టీలవీ విప్పేశాను. మందం తగ్గాలని లోపలి మడతలు రెండేసి కత్తిరించాను. అదే రంగు సన్న దారంతో, పోలీసాయన కోటులాగే, కుట్టు కనపడకుండా చదునుగా వేశాను. చెంపకి రాసుకుంటే పసిపిల్ల గౌనులా ఉంది. ఇప్పుడు నీ పొట్టా గీరుకోదు, పిల్లల పొట్టలూ గీరుకోవు.

మీ మాస్టారుకి చెప్పకు. కనిపెడతాడేమో చూద్దాం.

పైన గాలి ఎలా ఉందో వచ్చినట్టు రాయి.

అక్క


ఆసుపత్రి,
ఫిబ్రవరి 5

అక్కా,

ఎడమ చేత్తో రాస్తున్నాను. అర్థం కాకపోతే బావని చదవమను.

నిన్న పడ్డాను. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. కంగారు పడకు. తల బాగానే ఉంది. పిల్లలకి ఏమీ కాలేదు.

ముందు నేనే వేలాడతానన్నాను. గట్టు అంచున వేలాడాను. కాళ్ళు వదిలాను. టప్పుమంది. అంతే. చుట్టు ఊడి తాడుతో పాటు పైకి పోయింది, నేను రాళ్ళ మీదికి వచ్చాను. లేచి చూస్తే పిల్లలందరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి. నా వెనక వరసలో ఇంకో రెండు చిన్న పట్టీలు తొడుక్కుని ఇద్దరు నిలబడి ఉన్నారు అక్కా.

కుళ్ళిన సామాను. కోపంతో ఒళ్ళు మండిపోతోంది. పొద్దున ఆ మాస్టారు పట్టీలు రెండుసార్లు తడిమి చూశాడు కూడా. ఏం చూసినట్టు? పడ్డాక వచ్చి ఆ చుట్టు చేతిలో పట్టుకుని, "పోయిన వారం బాగుందండీ, బాగుందండీ" అని అదే మాట. మనిషి మొహంలో నెత్తురు లేదు. ప్రిన్సిపాల్ గారు వస్తే ఆవిడకి నేనే చెప్పాను, ఈయన పాత సామానుతో పిల్లల ప్రాణాల మీదికి తెచ్చాడని. స్టోరు తాళాలు లాక్కున్నారు. ఆటల శాఖ నుంచి ఒకాయన విచారణకి వస్తాడట. తప్పు తేలితే ఇక ఏ స్కూలూ ఆయన్ని గుమ్మం తొక్కనివ్వదు. మంచి పని అయింది.

నువ్వు వద్దన్నావు. వినలేదు.

నీ పైజమా మాత్రం చిరగలేదు.

పిట్ట


ఆసుపత్రి,
ఫిబ్రవరి 7

అక్కా,

రెండో తారీకున నువ్వు రాసిన ఉత్తరం ఇవాళ అందింది.

ఎవరికీ చెప్పకు. బావకి కూడా. నేను మళ్ళీ రాసేదాకా కలం ముట్టుకోకు.

పిట్ట


ఇల్లు,
ఫిబ్రవరి 9

పిట్టా, నా తల్లీ,

అయిదో తారీకు ఉత్తరం ఇప్పుడే వచ్చింది. మీ బావ చదివి వినిపించాడు. నీ చేతి రాత చూస్తే బడిలో వేసిన కొత్తలో రాసినట్టుంది.

ఆ మాస్టారు చేతులు విరగ. తాళాలు లాక్కుంటే సరిపోతుందా? పిల్లల ప్రాణాలతో ఆటలా? నేనైతే ఆ పట్టీతోనే ఆయన్ని కొట్టేదాన్ని. పాత సామానంటే పాతదని చెప్పాలి, చిరిగిందంటే చిరిగిందని చూపించాలి. ఆ మాత్రం కుట్టు

10వ తారీకు

నిన్న అక్కడ ఆపేశాను. మీ బావ కాగితం మీది నుంచి తలెత్తి, "చుట్టు ఊడింది అని రాసింది. నువ్వు కుట్టింది ఆ చుట్టే కదుటే?" అన్నాడు.

నేను లేదన్నాను. నా కుట్టు ఊడటమేమిటని గయ్యిమన్నాను. పొద్దున ఆయన తన పరంజా కప్పీ దూలానికి కట్టి, నా ముందు పెట్టాడు. నేను కత్తిరించిన ముక్కలు డబ్బాలో ఉన్నాయి. రెండు కలిపి, అదే దారంతో, అదే చేత్తో కుట్టాను. చేత్తో లాగితే మీ బావ కూడా తెంపలేకపోయాడు. నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఇసుక బస్తా కట్టి వదిలాడు.

టప్పుమంది. నువ్వు రాసినట్టే.

ఇసుకంతా వాకిట్లో పోయింది. ఎత్తడానికి ఇద్దరమూ వంగలేదు.

మోటు కుట్టు ఉన్నది ఉన్నట్టు ఒకటి మిగిలుంటే దానికీ బస్తా కట్టి చూసేదాన్ని. మిగల్లేదు. మూడూ విప్పాను కదా. ఇంకో ఇద్దరు పిల్లలు తొడుక్కుని నిలబడ్డారని రాశావు. ఆ ముక్క దగ్గర నుంచి ముందుకి పోలేకపోతున్నాను.

"నీ నోటితో నువ్వు చెప్పకు, ఎవరూ కనిపెట్టలేదుగా" అంటాడు మీ బావ. కనిపెట్టలేదు గనకే కదా ఇదంతా.

అక్క


హాస్టలు,
ఫిబ్రవరి 14

అక్కా,

నువ్వు కనుక్కున్నావన్నమాట. నేను చెప్పకుండా ఉంచుదామనుకున్నాను.

దయచేసి ఇక్కడికి రాకు. ఎవరికీ రాయకు. కాస్త నిదానంగా ఆలోచించు. స్కూలు సామాను అడక్కుండా బస్సెక్కించింది నేను. నా దగ్గరున్న తాళంతో తీసింది నేను. తెలిస్తే వార్డెనుగిరీ పోతుంది, ఈ గది పోతుంది, ఉద్యోగం కూడా పోతే ఏం చెయ్యను? నీ సంగతి చూడు. పిల్లల పట్టీలు పాడుచేసిన టైలరు దగ్గరికి రేపు ఎవరొస్తారు? పోలీసాయనతో సహా ఒక్కరు కూడా రారు. మాస్టారంటావా, ఒంటరి మనిషి. కొండలెక్కడం చేతిలో విద్య. ఎక్కడైనా బతుకుతాడు.

ఇంతవరకూ రాసి ఉత్తరం మడిచేశాను. మళ్ళీ విప్పాను, ఈ ముక్క నీకు చెప్పకుండా ఉండలేక.

ఆసుపత్రిలో ఉండగా ఆయన వచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. మంచం దగ్గర స్టూలు ఉంది, కూర్చోలేదు. "క్షమించండి టీచర్ గారూ. ఆ పొద్దున చుట్టు మెత్తగా తగిలింది నాకు. అప్పుడే ఆపాల్సింది" అన్నాడు.

నాకప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున ఆయన పట్టీ తడుముతూ "మెత్తబడ్డాయే, ఉతికించారా?" అని నన్నడిగాడు. "సంచి కుట్టించానండీ, మా అక్క దుమ్ము దులిపి ఉంటుంది" అన్నాను. నవ్వుతూ అన్నాను. ఆయన కట్టు నేను చూసి "చూశాను" అన్నాను, నా కట్టు ఆయన చూసి "చూశాను" అన్నాడు. అడగాల్సిన మాట ఆయన అడిగాడు అక్కా. జవాబు నేను తెలిసినట్టే చెప్పాను.

"ముందు గట్టు మీద వేలాడటం మాత్రం పిల్లలతో ఎప్పుడూ మాన్పించకండి, నా తర్వాత ఎవరొచ్చినా" అన్నాడు. వెళ్ళిపోయాడు. నేను పడుకుని దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

విచారణ 21న. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. నువ్వూ మూసుకో.

పిట్ట


ఇల్లు,
ఫిబ్రవరి 17

పిట్టా,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. 15నే మీ ప్రిన్సిపాల్ గారి పేరు మీద పార్సెల్ పంపేశాను. నేను కత్తిరించిన మడతలు, విప్పిన మందపు దారం, ఇసుక బస్తాతో తెగిన ముక్క, ఎవరు చేశారో ఎందుకు చేశారో ఒక కాగితం. నీ పేరు రాయలేదు. సంచి నా దగ్గరికి ఎలా వచ్చిందని ఆవిడ అడిగితే ఏం చెబుతావో నీ ఇష్టం.

ఎక్కడైనా బతుకుతాడు అని రాశావు. అది ఎడమ చెయ్యి రాసిందని సరిపెట్టుకుందామనుకున్నాను. కుదరలేదు. నిన్ను తిట్టే మొహం నాకు లేదు గనక తిట్టడం లేదు. మీ బావ నీ ఉత్తరం చదివి పనికి పోయాడు. పెట్టెలో భోజనం ఇక్కడే మర్చిపోయాడు.

జనం రాకపోతే రానీ. మొన్నటి నుంచి మిషను మీద గుడ్డ కప్పి ఉంది. బటన్లు కుట్టమని వచ్చిన వాళ్ళని కూడా పక్క వీధికి పంపుతున్నాను. ఏది కుట్టబోయినా దాన్ని ఎవరో తొడుక్కుని ఎత్తు నుంచి వేలాడుతున్నట్టు అనిపిస్తోంది. జాకెట్టు కూడా.

పార్సెల్ నీకన్నా ముందు నోరు తెరవకుండా చూసుకో. అంతకుమించి నీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అక్క


హాస్టలు,
ఫిబ్రవరి 22

అక్కా,

నిన్న విచారణ అయింది.

ప్రిన్సిపాల్ గారి గదిలో జరిగింది. బల్లకి ఒక వైపు ఆవిడ, ఆటల శాఖాయన. ఇటు మాస్టారు నిలబడి, నేను కట్టుతో కుర్చీలో. పట్టీలు మూడూ బల్ల మీద. వాటి పక్కన, హాజరు పుస్తకాల కింద, నీ పార్సెల్. నీ కుట్టు చూడగానే గుర్తుపట్టాను, గుడ్డ చుట్టి చుట్టూ కుట్టేశావుగా. ఆవిడ ఇంకా విప్పలేదు. యూనిఫారాల గుడ్డ నమూనాలు అనుకుని పక్కన పెట్టిందట.

ఆ శాఖాయన మిగిలిన రెండు పట్టీలు భూతద్దం పెట్టి చూశాడు. ఆయన ఏమన్నాడో చెబితే నమ్మవు. "వీటికి ఏ లోపమూ లేదు. కుట్టు ఫ్యాక్టరీది. చాలా శ్రేష్ఠమైన పనితనం. కాబట్టి మూడోది ఊడిందంటే తొడిగించడంలో తప్పు జరిగింది" అన్నాడు.

కుళ్ళిన సామాను అని నేను చేసిన ఆరోపణ కూడా పోయింది, అయినా శిక్ష ఆయనకే. నీ పనితనం సాక్ష్యం చెప్పింది అక్కా. మాస్టారు ఎదురు చెప్పలేదు. "అయ్యుండొచ్చండీ" అన్నాడు. తనే తప్పు కట్టి ఉంటానని నమ్మడం మొదలుపెట్టాడు. ఆ రోజు ముడి ఎలా వేశాడో వేళ్ళతో గాలిలో వేసి చూసుకుంటున్నాడు.

అది చూసి నేను లేచాను. "అది ఫ్యాక్టరీ కుట్టు కాదండీ, మా అక్కది" అన్నాను. ఒకసారి మొదలయ్యాక అన్నీ వచ్చేశాయి. తాళం, కండక్టరు, మెత్తగా ఉన్నాయేమని ఆయన అడగడం, నేను చెప్పిన జవాబు. ప్రిన్సిపాల్ గారు, "నాకు చెప్పకుండా పిల్లల పట్టీలు బస్సెక్కించావా?" అని ఒక్క మాటే అన్నారు. శాఖాయన ఫ్యాక్టరీది కాదంటే ఒప్పుకోలేదు. భూతద్దం మళ్ళీ తీశాడు. "ఆ పార్సెల్ విప్పండి" అన్నాను.

వార్డెనుగిరీ తీసేశారు. ఈ నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి. పాఠాలు చెప్పే ఉద్యోగం ఉంచారు, ఒక మెమో ఇచ్చారు. మాస్టారికి తాళాలు తిరిగి ఇచ్చారు. ఆయన మూడు పట్టీలూ తీసుకుని వరండాలోకి వెళ్ళి, జేబు కత్తితో ఒక్కొక్కదాన్నీ అడ్డంగా కోసేశాడు. మళ్ళీ ఎవరూ పొరపాటున తొడుక్కోకుండా. నీ కుట్టు మీదుగానే కోశాడు. చూస్తూ నిలబడ్డాను.

ఒక్కటి అడగాలి. పార్సెల్ అక్కడ లేకపోతే నేను లేచేదాన్నా? లేచేదాన్నని అనుకుంటాను. అనుకోవడం తప్ప తెలుసుకునే దారి లేదు.

బయటికి వచ్చాక ఆయన మెట్ల దగ్గర ఉన్నాడు. నా మీద అరుస్తాడని నిలబడ్డాను. అరిస్తే బాగుండేది. "చెయ్యి కట్టు ఎప్పుడు తీస్తారు?" అన్నాడు. చెప్పాను. "తీశాక ఒక ఆదివారం రండి. ఎక్కడానికి కాదు, చూడటం నేర్చుకోవడానికి" అన్నాడు.

తర్వాత ఇంకో మాట అన్నాడు, అది నీకు. "మీ అక్కగారిని కూడా రమ్మనండి. ఇన్నేళ్ళలో నేను తడిమి పట్టుకోలేని కుట్టు అది ఒక్కటే. ఎలా వేశారో చూపిస్తే, ఇంకెవరైనా అలా వేసినప్పుడు కనిపెడతాను."

నేను తలెత్తి ఆయన మొహం చూశాను. ఎత్తిపొడుపు కాదు అక్కా. పని గురించే అడుగుతున్నాడు.

రానంటే నేనేమీ అనను. ఏదో ఒకటి ఆయనకి చెప్పాలి.

పిట్ట


ఇల్లు,
ఫిబ్రవరి 26

పిట్టా,

లేచేదానివా లేదా అని నన్నడక్కు. నేను పోస్టాఫీసు మెట్ల దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి వచ్చాను. మీ బావ గుమ్మంలో నా కోసం చూస్తూ నిలబడి ఉండకపోతే మళ్ళీ వెళ్ళేదాన్నో లేదో నాకూ తెలీదు.

నెలాఖరుకి నీ సామానంతా ఇక్కడికి పంపించెయ్. ముందు గదిలో మిషను గోడ వైపుకి జరిపితే మంచం పడుతుంది. స్కూలున్న రోజులకి మాత్రం అక్కడే ఎవరింట్లోనో చిన్న గది చూసుకో.

కోసేశాడని చదివి ఏడవలేదు. బాగా చేశాడు.

ఆయనకి చెప్పు, వస్తాను. చూపిస్తాను. సూదీ దారం నేను తెచ్చుకుంటాను. కత్తెర మాత్రం ఆయన చేతిలోనే ఉండనీ.

అక్క